రొప్పు వేరు, ఎగపోత వేరు

ఆ కాగితంలో ఏడో ప్రశ్న దగ్గర నా కలం ఆగింది. "రోజూ వాడే మందులు ఏమైనా ఉన్నాయా?"

ఉన్నాయి. రక్తపోటుకు నాలుగేళ్ళుగా పొద్దున ఒక మాత్ర వేసుకుంటున్నాను. కానీ "లేవు" అని రాసేశాను. మా అమ్మాయి వెనక నుంచి తొంగి చూసి, "అదేమిటి నాన్నా?" అంది. "ఒక్క మాత్ర కోసం వద్దంటారేమోనమ్మా" అన్నాను. అది మరేమీ మాట్లాడకుండా లోపలికి పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సంగతి ఏమిటంటే, ఈ కార్తీకంలో నేను ఎవరెస్టు పాదం దాకా నడిచి రావడానికి పోతున్నాను. శిఖరం ఎక్కడానికి కాదు సుమా! ఎక్కేవాళ్ళు గుడారాలు వేసుకునే చోటుంది కదా, బేస్ క్యాంపు అంటారు, అక్కడి దాకా. అది 5,364 మీటర్ల ఎత్తు. మా కోయంబత్తూరు సుమారు 400 మీటర్లు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, దాని స్నేహితులు, నేను, అంతా కలిసి పన్నెండు మందిమి. దారి చూపడానికి ఒక నేపాలీ కుర్రవాడు. నాకు యాభైతొమ్మిది నిండాయి. మోటరు పంపుల కంపెనీలో ముప్ఫైమూడేళ్ళు ఫిట్టరుగా పనిచేసి నిరుడు విశ్రాంతి తీసుకున్నాను. పీలమేడులో ఇల్లు. మా తాతముత్తాతలు ఏనాడో విజయనగరం వారి కాలంలో ఈ నల్లరేగడి నేలకు వచ్చి పత్తి వేసుకుని బతికారు. మంచు అనే మాట మాకు మార్గశిరంలో గడ్డి మీద కనిపించే తడికి పేరు, అంతే.

"ఈ వయసులో మీకిదేం పిచ్చి?" అని మా ఇంటావిడ అడిగింది. సమాధానం నాకూ సరిగ్గా తెలియదు. తెలుగువాళ్ళు కొండలెక్కరా ఏమిటి? నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ ఎక్కాడు. నిజామాబాదు జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు కొన మీద నిలబడింది. అయితే ఆ పిల్ల ఊరికే పోయి నిలబడలేదు. భువనగిరి బండ మీద తాడు పట్టుకుని మొదలుపెట్టి, డార్జిలింగులోనూ లడాఖు చలిలోనూ నెలల తరబడి సాధన చేసింది. మస్తాన్ బాబు అంతటివాడు 2015లో ఆండీస్ కొండల్లోనే కన్నుమూశాడు. కొండ ఎవరి మొహమూ చూడదు. అందుచేత నేనూ ఆరు నెలల ముందే సాధన మొదలుపెట్టాను.

మొదట మరుదమలై మెట్లు. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరి, వీపు సంచిలో అయిదు కిలోల బియ్యం పెట్టుకుని ఎక్కేవాణ్ణి. నెల తరవాత ఎనిమిది కిలోలు చేశాను. గుడికి వచ్చిన ముసలమ్మలు నన్ను చూసి "ఏదో మొక్కు కాబోలు" అనుకునేవారు. ఒకావిడ సంచి పట్టుకుని చూసి, ఆ బియ్యం అన్నదానానికి ఇచ్చిపోతే పుణ్యమని సలహా కూడా ఇచ్చింది.

మా నేపాలీ కుర్రవాడు ఫోనులో ఒక సూత్రం చెప్పాడు. నడుస్తూ ఉంటే మాట తెగకుండా మాట్లాడగలగాలి. మాట తెగితే నువ్వు జోరుగా పోతున్నావని అర్థం. ఒంటరిగా ఎక్కేవాడు ఎవరితో మాట్లాడతాడు? చిన్నప్పుడు మా జేజి పెద్దబాలశిక్ష ఒళ్ళో పెట్టుకుని నేర్పిన ఎక్కాలు గుర్తుకొచ్చాయి. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళ ఇరవైఆరు... ఎక్కాలు చెబుతూ ఎక్కడం! మొదటి వారం పదమూడు నాలుగ్గళ్ళ దగ్గరే గాలి అయిపోయేది. మూడో నెలకు పందొమ్మిదో ఎక్కం ఆగకుండా వచ్చింది. కాళ్ళలో బలం పెరిగినందువల్ల మాత్రమే కాదు, నెమ్మదిగా నడవడం నేర్చుకున్నందువల్ల కూడా. ఈ రెండోదే కష్టం. వెనక వచ్చేవాడు దాటిపోతుంటే కాలు తనంతట తానే జోరందుకుంటుంది.

తరవాత బట్టలు. ఇక్కడ నాకొక అవమానం జరిగింది. వాళ్ళు పంపిన జాబితాలో మొదటి వాక్యమే "నూలు బట్టలు వద్దు" అని. పత్తి పండించి, వడికి, ఊరికి ఊరే బతికిన కోయంబత్తూరు వాడికి ఆ మాట చెప్పడమా! కానీ కారణం చూస్తే నిజమే. నూలు చెమటను పీల్చుకుని విడవదు. మన ఎండలో అదే సుఖం. అక్కడ ఆ తడి ఒంటిని చల్లబరచి ప్రాణం మీదికి తెస్తుంది. లోపల చెమట నిలవనివ్వని బట్ట, దాని మీద ఉన్నిలాంటిది, ఆ పైన గాలీ వానా దూరని కోటు, ఇలా మూడు పొరలు. బూట్లు మాత్రం ముందే కొని, రోజూ అవే వేసుకుని కూరల మార్కెట్టుకు పోయాను. కొత్త బూటు కొండ మీద కరిస్తే మందు లేదు. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుంటాయి కనుక గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవాలట. ఇంత చిన్న సంగతి కూడా రాసి పంపారు.

ఇవన్నీ పైపై పనులు. అసలు సంగతి గాలి. దీన్ని నాకు డాక్టరు కంటె ముందే నా వృత్తి నేర్పింది.

చాలామంది పంపు నీళ్ళను లాగుతుందని అనుకుంటారు. పంపు లాగదు. అది పైపులో గాలి తీసేస్తుంది. బావిలో నీళ్ళ మీద బయటి గాలి మోపిన బరువే నీళ్ళను పైకి తోస్తుంది. సముద్రమట్టం దగ్గర ఆ బరువు నీటిని ఎంత లేపినా 10.3 మీటర్లే లేపుతుంది. వాడకంలో ఏడు మీటర్లు దక్కితే గొప్ప. కొండెక్కే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు ఒక మీటరు తగ్గిపోతుంది. నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఊటీ దాపున ఒక తేయాకు తోట నుంచి పంపు నీళ్ళు ఎత్తడం లేదని కబురు వచ్చింది. ఇద్దరం కుర్రవాళ్ళం పోయి ఫుట్ వాల్వు మార్చాం, గ్లాండు తాడు మార్చాం, సాయంత్రం దాకా కొట్టుకున్నాం. పంపు రొదపెట్టిందే కాని చుక్క రాలేదు. మర్నాడు మా ముసలి ఫోర్‌మన్ వచ్చి చూసి నవ్వాడు. "పంపులో లోపం లేదురా, ఇక్కడ గాలి తక్కువ. దాన్ని దించండి" అన్నాడు. రెండు మీటర్లు కిందికి దించి బిగించాం. బుడబుడమని నీళ్ళొచ్చాయి.

మన రొమ్మూ అలాంటి పంపే. బేస్ క్యాంపు దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సగం కంటె కాస్త ఎక్కువ. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా నూటికి ఇరవైఒకటే; కాని గాలే పలచన అయితే ఒక్క ఊపిరికి అందేది సగమే. శరీరం దానికి అలవాటు పడగలదు. అందుకు రోజులు పట్టాలి. అందుకే లుక్లాలో 2,860 మీటర్ల దగ్గర విమానం దిగి, 3,440 మీటర్ల నామ్చెలో రెండు రాత్రులు, 4,410 మీటర్ల దింగ్‌బోచెలో రెండు రాత్రులు ఆగుతాం. ఆగే రోజు ఊరికే పడుకోవడం కాదు. పగలు కొంచెం పైకి నడిచి, రాత్రికి మళ్ళీ దిగి వచ్చి పడుకోవడం. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఒక రాత్రికీ మరో రాత్రికీ 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యుల లెక్క.

ఎత్తు పడకపోతే ముందు తలనొప్పి వస్తుంది. దానితోపాటు కడుపులో తిప్పడం, తూలినట్టుండడం, నిస్సత్తువ. అలా ఉన్నప్పుడు ఇంకా పైకి పోకూడదు. ఆగినా తగ్గకుండా పెరిగితే వెంటనే దిగాలి. మొండికేసి పైకి పోతే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగవచ్చు, మెదడు వాయవచ్చు. గీత మీద మడమకు వేలు ఆనిస్తూ నేరుగా నడవలేకపోతే మెదడుకు ముప్పని గుర్తు. ముందుజాగ్రత్తగా డయామాక్స్ అనే మాత్ర ఇస్తారు. అది డాక్టరు చూసి చెప్పాలి కాని మనంతట మనం మింగేది కాదు. పెరిచె అనే ఊళ్ళో, 1973లో ఏర్పడ్డ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి వైద్యశాల నడక సీజన్లలో తెరిచి ఉంటుంది. ఎన్ని ఉన్నా అసలు మందు ఒకటే, మా ఫోర్‌మన్ చెప్పిన మందు: దించండి.

అయితే దించాలని ఎదుటివాడికి తెలిసేదెలా? రోగి నోరు తెరిచి చెప్పాలి. ఇక్కడ మన భాష చిక్కు వచ్చింది.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కంపెనీ కాగితాల్లో ఇంగ్లీషు. మా బడిలో హిందీ లేదు. తమిళనాట 1968 నుంచి రెండు భాషల చదువే కదా. మా నేపాలీ కుర్రవాడికి హిందీ బాగా వచ్చు, ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. ఒంట్లో బాగున్నప్పుడు నా ఇంగ్లీషుతో నెట్టుకొస్తాను. తల తిరుగుతున్నప్పుడు మనిషి నోట వచ్చేది అమ్మ భాషే. అందుకని మా అమ్మాయి ఒక కాగితం తయారుచేసింది. ఎడమ పక్క మన తెలుగు మాట, కుడి పక్క హిందీ వాక్యం తెలుగు లిపిలో. "సిర్ మే దర్ద్ హై." బాగానే ఉంది. "చక్కర్ ఆ రహా హై." ఇది నేర్పినప్పుడు "నాకు షుగరు లేదే" అన్నాను. చక్కర్ అంటే తల తిరగడమట. "సాఁస్ ఫూల్ రహీ హై." ఫూలంటే పువ్వని ఎక్కడో విన్నాను, ఊపిరి పూయడం ఏమిటో అర్థం కాలేదు. ఆయాసమట. నవ్వుకుంటూనే నేర్చుకున్నాను.

ఎడమ పక్క తెలుగు మాట దగ్గరే ఇద్దరం ఆగిపోయాం. "నాన్నా, ఎక్కేటప్పుడు అందరికీ ఆయాసం వస్తుంది. అది మామూలే. కూర్చున్నా తగ్గని ఆయాసం ప్రమాదం. ఈ రెంటికీ వేరువేరు మాటలు లేవా?" అని అడిగింది. నాకు తోచలేదు. "మదురలో మీ అత్తను అడగాలి" అన్నాను. అన్న తరవాత గొంతు పట్టేసింది. ఎందుకంటే ఈ ప్రయాణం మాట అక్కకు నేనింకా చెప్పలేదు.

ఇక్కడ వెనకటి కథ చెప్పాలి.

2011లో చిత్రాపౌర్ణమికి మా బావ మదుర నుంచి వచ్చాడు. దక్షిణ మాసి వీధిలో చిన్న బట్టల కొట్టు ఆయనది. ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. ఇద్దరం కలిసి వెళ్లియంగిరి కొండకు పోయాం. మీలో చాలామంది ఎక్కే ఉంటారు. పూండి గుడి దగ్గర వెదురు కర్ర కొనుక్కుని, రాత్రంతా ఎక్కి, ఏడో కొండ మీద సూర్యోదయం చూడడం అక్కడి ఆనవాయితీ. మూడో కొండ మీద బావ కూర్చున్నాడు. "ఏమిటి బావా?" అంటే "ఏమీ లేదు, రాత్రి తిన్నది అరగలేదు" అన్నాడు. నేను టార్చి వేసి చూశాను. ఆ చల్లగాలిలో ఆయన మొహం నిండా చెమట. ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. పావుగంట కూర్చున్నా రొమ్ము ఎగసిపడుతూనే ఉంది.

నాకు తెలిసింది. పేరు తెలియకపోవచ్చు కాని, ఏదో బాగాలేదని తెలిసింది. "దిగిపోదాం బావా" అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. కాని అప్పటికే రెండు దాటింది. తెల్లవారేలోగా పైకి చేరాలని నాకు ఆశ. "ఇంకొంచెమే బావా, నిదానంగా పోదాం" అన్నాను. ఆయన లేచాడు. కాదని చెప్పే అలవాటు లేదు కదా! నాలుగో కొండ సగంలో కూలిపోయాడు. కొండ మనుషులు డోలీ కట్టి మోసుకొచ్చారు. అడుగుకు చేరేలోగా ప్రాణం పోయింది.

"అజీర్ణమన్నాడు, ఉన్నట్టుండి పడిపోయాడు" అని అక్కకు చెప్పాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. పద్నాలుగేళ్ళలో అక్క మళ్ళీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఏడో ప్రశ్నకు "లేవు" అని రాసిన రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే. ఆనాడు బావ "ఏమీ లేదు" అన్నాడు, ఈనాడు నేను "లేవు" అన్నాను. ఆయనది మొహమాటం. నాది ఆశ, ఆనాడూ ఈనాడూ అదే ఆశ.

తెల్లవారి ఆ మాట కొట్టేసి, మాత్ర పేరూ మోతాదూ రాశాను. డాక్టరు దగ్గరికి పోయి ఇ.సి.జి., ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాను. రక్తపోటు అదుపులోనే ఉందనీ, మాత్ర మానకుండా పోవచ్చుననీ రాసిచ్చాడు. దానికోసం అబద్ధమాడవలసిన పనే లేకపోయింది. సింగానల్లూరులో మదుర బస్సెక్కాను.

పల్లడం, ధారాపురం, ఒట్టంచత్రం, దిండిగల్లు. అయిదు గంటల దారి. దారి పొడుగునా ఏ మాటతో మొదలుపెట్టాలా అని వెతుక్కున్నాను. ఆరప్పాళయంలో దిగి, నాయకరు మహాలు వెనక వీధిలో అక్క ఇంటికి పోయేసరికి మధ్యాహ్నమైంది. అక్కకు అరవైఆరు. మనవలు తమిళంలో మాట్లాడుతుంటే తెలుగులో బదులు చెబుతూ కూర్చుంటుంది. అన్నం పెట్టింది. తిన్నాక ముందు నేపాలు సంగతి చెప్పి, ఆ వెనుకే మూడో కొండ సంగతి చెప్పాను. చెమట, భుజం, నేను అనని మాట, అన్న మాట, అన్నీ.

అక్క చాలాసేపు గమ్మున ఉంది. తరవాత, "ఆ మాసమంతా ఇంట్లోనే ఆయనకు ఎగపోతగా ఉండేదిరా. రాత్రిళ్ళు లేచి కూర్చునేవాడు. నేను చూసి కూడా కొండకు పంపించినాను. నీకు చెప్తే బావను ఆపేస్తావని ఆయనే వద్దన్నాడు" అంది.

పద్నాలుగేళ్ళు ఇద్దరం ఒకే బరువును చెరో ఊళ్ళో మోస్తున్నామన్నమాట. అక్క ఏడవలేదు. నేనే ఏడ్చాను.

కాసేపయ్యాక, "ఎగపోత అంటే ఏమిటక్కా? ఆయాసమేనా?" అని అడిగాను. అక్క నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "జేజి చెప్పలేదా నీకు? పరుగెత్తి వస్తే వచ్చేది రొప్పు. నిలబడితే పోతుంది. కూచున్నా పోనిది ఎగపోత. రొప్పు వేరు, ఎగపోత వేరు." మా అమ్మాయి వెతికిన రెండు మాటలూ అక్క నోట సిద్ధంగా ఉన్నాయి. నా బుర్రలోనూ ఎక్కడో ఉండే ఉంటాయి, వాడక తుప్పుపట్టాయి. ఇంట్లో అందరం అన్నింటికీ "ఆయాసం" అనో "మూచ్చు" అనో అనడానికి అలవాటుపడిపోయాం.

"పోవద్దంటావా?" అని అడిగాను. "నేను వద్దంటే మానేస్తావా? పో. కాని ఒకటి చెప్తా విను. రొప్పయితే నిలబడు. ఎగపోతయితే దిగిరా. ఎవురు ఏమన్నా సరే. ఆ కొండేమీ లేచిపోదు" అంది. నాచేత మూడుసార్లు చెప్పించింది, చంటిపిల్లవాడికి పద్యం నేర్పినట్టు. వచ్చేటప్పుడు శొంఠిపొడి పొట్లం కట్టి సంచిలో పెట్టింది.

ఆ రెండు మాటలూ మా కాగితంలో ఎక్కాయి. రొప్పుకు ఎదురుగా హిందీలో ఏమీ రాయలేదు. దానికి ఎవరినీ పిలవనక్కరలేదు. ఎగపోతకు ఎదురుగా, "కూర్చున్నా ఊపిరి ఆడడం లేదు, నన్ను కిందికి తీసుకుపో" అన్న అర్థం వచ్చే హిందీ వాక్యం రాసి, మా అమ్మాయి దాని కింద ఎర్ర గీత గీసింది. ఫోనులో ఆ కుర్రవాడికి చదివి వినిపించాను. నా ఉచ్చారణకు నవ్వాడు. తరవాత నవ్వు మాని, ఎప్పుడు ఈ మాట అన్నా, అర్ధరాత్రయినా సరే దించుతాననీ, శిఖరం పక్కనే ఉన్నా సరే ఆగననీ చెప్పాడు. పన్నెండు మందికీ ఒక నియమం పెట్టుకున్నాం. రోజూ సాయంత్రం భోజనాల ముందు ప్రతివాడూ తన తలనొప్పి, తిండి, నిద్ర గురించి చెప్పాలి. "ఏమీ లేదు" అనే మాటకు అక్కడ చెల్లుబాటు లేదు.

వచ్చే వారం బయల్దేరుతున్నాం. సంచి కట్టడం అయిపోయింది. తూచితే తొమ్మిది కిలోలు. ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి నేను నామ్చెలోనో దింగ్‌బోచెలోనో ఉంటాను. 5,364 మీటర్ల దాకా పోయి వచ్చానో, 4,410 దగ్గరే వెనక్కి తిరిగానో వచ్చాక రాస్తాను. ఎక్కడి నుంచి తిరిగి వచ్చినా సరే, దిగేటప్పుడు మొదటి ఫోను మాత్రం మదురకే.